చానళ్ల లెక్క ఎవరు కట్టారు?

సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో స్పీకర్ల గురించి, కేబుళ్ల గురించి వ్యాసం ఎందుకని మిత్రులు అడగవచ్చు. అచ్చుయంత్రం చరిత్ర తెలియకుండా నవల చరిత్ర చెప్పలేమని మనం ఎన్నడో ఒప్పుకున్నాం. గ్రామఫోను రికార్డు ఒక్కో పక్క సుమారు మూడు నిమిషాలే పట్టటం వల్ల పాట నిడివి ఎట్లా కుదించుకుపోయిందో కూడా చర్చించుకున్నాం. అయితే పాట మనకు ఎన్ని దిక్కుల నుంచి వినిపించాలి, ఎంతమందికి ఒక్కసారిగా సరిగ్గా వినిపించాలి అన్న సంగతిని ఎవరు, ఏ ప్రయోజనం కోసం నిర్ణయించారన్న ప్రశ్న మన విమర్శలోకి ఇంకా రాలేదు. ఆ ప్రశ్ననే ఇక్కడ పరిశీలించదలచుకున్నాను.

ఈ మధ్య మా ఇంట్లో ఆరు చానళ్ల సంగీతాన్ని నెట్‌వర్కు మీదుగా వినే ఏర్పాటు చేసుకున్నాను. ఆ పని చేస్తున్నప్పుడు ఎదురైన అడ్డంకుల్లో ధ్వనిశాస్త్రానికి చెందినవి కొద్ది; ఆస్తి సంబంధాలకు చెందినవే ఎక్కువ. వాటి మూలాలు వెతుక్కుంటూ పోతే 140 ఏళ్లకు పైబడిన చరిత్ర బయటపడింది.

ముందు మాటల అర్థం తేల్చుకుందాం. చానల్ అంటే ఒక స్పీకరుకు విడిగా చేరే ఒక శబ్దధార. ఒకే ధార అయితే మోనో, రెండయితే స్టీరియో. ముందు ఎడమ, మధ్య, కుడి, వెనక రెండు పక్కలా రెండు, బాగా లోతైన శబ్దాలకు మరొకటి కలిస్తే ఆరు. దీన్నే 5.1 అంటున్నారు. డిస్కు చేతికివ్వకుండా, అడిగినప్పుడు అడిగిన పాటను తీగ మీదో గాలిలోనో పంపటం స్ట్రీమింగు.

1

స్ట్రీమింగు మన కాలపు వింత అని ప్రచారం వుంది. అది నిజం కాదు. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ ఆదేర్ అనే ఇంజనీరు ఒపేరా రంగస్థలం ముందు వరసగా టెలిఫోను ట్రాన్స్‌మిటర్లు అమర్చి, ప్రదర్శనశాలలో వున్న శ్రోతలకు రెండు రిసీవర్లు ఇచ్చాడు, చెవికొకటి. గాయకులు రంగస్థలం మీద అటూ ఇటూ నడిస్తే ఆ కదలిక చెవులకు తెలిసింది. రెండు చానళ్ల శబ్దాన్ని దూరానికి పంపటం అప్పటికే సాధ్యమైందన్న మాట. 1890లో ఇది థియాట్రోఫోన్ అనే కంపెనీ అయింది. హోటళ్లలో, కాఫీ దుకాణాల్లో నాణెం వేస్తే కొన్ని నిమిషాలు వినవచ్చు. ఇంట్లో కావాలంటే చందా కట్టాలి. 1932 దాకా ఆ వ్యాపారం సాగింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి వుంది. సంగీతాన్ని వస్తువుగా అమ్మే డిస్కు వ్యాపారం పెద్దదవక ముందే సంగీతాన్ని నిమిషాల లెక్కన అద్దెకిచ్చే వ్యాపారం పుట్టింది. ఈనాటి స్ట్రీమింగు ఆ అద్దె పద్ధతికే తిరిగి రావటం. నడుమ వచ్చిన డిస్కుల కాలంలో మాత్రమే సామాన్య శ్రోత చేతిలో ఒక ప్రతి మిగిలింది.

2

మనిషికి రెండు చెవులు గనుక రెండు చానళ్లు చాలునన్న వాదన చాలా చోట్ల వినిపిస్తుంది. వినటానికి సహజంగానే వుంటుంది గాని, శాస్త్రం అట్లా చెప్పటం లేదు. రెండు స్పీకర్ల నుంచి ఒకే గొంతు సమానంగా వస్తే, ఎవరూ లేని నడిమి చోటు నుంచి వస్తున్నట్టు మనకు తోస్తుంది. ఈ భ్రమ రెండు స్పీకర్లకూ సమదూరంలో కూర్చున్న వాడికే దక్కుతుంది. రెండడుగులు పక్కకు జరిగితే గాయకుడు దగ్గరి స్పీకరులోకి జారిపోతాడు. అంటే స్టీరియో ఒక కుర్చీ కోసం చేసిన ఏర్పాటు.

ఈ సంగతి ఇంజనీర్లకు మొదటినుంచీ తెలుసు. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో బెల్ పరిశోధనశాల వారు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న వాద్యబృందాన్ని టెలిఫోను తీగల మీద వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు పంపారు. బృందనాయకుడు స్టొకోవ్‌స్కీ వాషింగ్టన్‌లోనే వుండి శబ్దాల పాళ్లు సరిచేశాడు; ఫిలడెల్ఫియాలో సహాయకుడు స్మాలెన్స్ బృందాన్ని నడిపాడు. వారు వాడినవి రెండు చానళ్లు కావు, మూడు: ఎడమ, మధ్య, కుడి. హాలు నిండా జనం కూర్చుంటారు గనుక, ఏ మూల కూర్చున్న వారికైనా నడిమి గొంతు నడిమిలోనే వినపడాలంటే నడుమ నిజంగా ఒక స్పీకరు వుండాలి. ఆ మూడో చానల్ అందరి కోసం.

ఈ మూడు అన్న లెక్క మనకు కొత్తది కాదు. బుర్రకథ దళాన్ని గుర్తుకు తెచ్చుకోండి. నడుమ తంబురాతో కథకుడు. ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. కథ నడిమి నుంచి నడుస్తుంది. వర్తమానం మీద వ్యాఖ్య ఒక పక్క నుంచి వస్తుంది, ఎత్తిపొడుపు ఇంకో పక్క నుంచి వస్తుంది. ఎవరు మాట్లాడారన్నది గొంతును బట్టే కాక, మాట వచ్చిన దిక్కును బట్టి కూడా జనానికి తెలిసిపోతుంది. ప్రజానాట్యమండలి కాలంలో షేక్ నాజర్ (1920-1997) వంటి కళాకారులు వేలాది జనం ముందు నిలబెట్టిన ఆ కథనశిల్పంలో స్థలానికి అర్థం వుంది. బెల్ ఇంజనీర్లకు బుర్రకథ తెలియదు, బుర్రకథకులకు బెల్ ప్రయోగం అక్కర్లేదు. అయినా ఇద్దరూ ఎదుర్కొన్న సమస్య ఒక్కటే. జనసమూహానికి, పక్కన నిలబడ్డ వాడిని కూడా వదలకుండా వినిపించటం ఎట్లా?

అదే బుర్రకథను ఒక్క మైకు ముందు పాడించి మోనోలో ముద్రించినప్పుడు మూడు దిక్కులు ఒక్క బిందువులోకి ముడుచుకుపోయాయి. గొంతులు మిగిలాయి, స్థలం పోయింది. మన సాహిత్య చరిత్రకారులు బుర్రకథ పాఠాన్ని గురించి రాశారు, రాగతాళాల గురించి రాశారు. ఈ పోయిన స్థలాన్ని గురించి మాత్రం రాయవలసే వుంది.

3

మరి మూడు చానళ్లు రెండెట్లా అయ్యాయి? చెవి అడిగి కాదు, రికార్డు గాడి అడిగి. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931లోనే ఒకే గాడిలో రెండు చానళ్లు చెక్కే పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1942లో యుద్ధకాలపు రాడారు పరీక్షలో విమానం కూలి చనిపోయాడు. 1957-58లో స్టీరియో ఎల్.పి.లు బజారుకు వచ్చేసరికి గాడికి వున్న రెండు గోడల మీద రెండు చానళ్లు చెక్కటం స్థిరపడింది. గాడికి మూడో గోడ లేదు. కనుక మధ్య చానల్ రాలిపోయింది. డిస్కు తయారీకి చౌక అయిన పద్ధతి క్రమంగా సంగీతానికే సహజధర్మమన్నట్టు చలామణి అయింది. పైగా సరుకు కొనే శ్రోత ఎవరు? సొంత గదిలో, సొంత కుర్చీలో కూర్చున్న ఒంటరి మనిషి. గాడి ఆకారం, కొనుగోలుదారు ఆకారం ఒకదానికొకటి సరిపోయాయి.

సినిమాహాలులో అట్లా సరిపోలేదు. అక్కడ జనం వున్నారు. డిస్నీ సంస్థ 1940లో ‘ఫాంటాసియా’ కోసం చేసిన శబ్దపద్ధతి తెర వెనక మూడు చానళ్లతో పనిచేసింది; పరికరాల ఖరీదు వల్ల కొద్ది హాళ్లను దాటలేదు. 1952లో సినెరామా ఏడు శబ్దపథాలతో వచ్చింది. టెలివిజను ప్రేక్షకులను ఇళ్లలో కట్టిపడేస్తున్న రోజులవి. ఇంట్లో దొరకని దాన్ని హాలులో చూపించాలన్న పోటీయే ఆ చానళ్లను పెంచింది. మన దేశంలో 1975లో ‘షోలే’, తెలుగులో 1986లో ‘సింహాసనం’ 70 ఎం.ఎం. తెరతో పాటు ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దాన్ని తెచ్చాయి.

హాలులో మాత్రం సమానత్వం వచ్చిందా? శబ్దాన్ని సరిచూసే చోటు సాధారణంగా తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో వుంటుంది. మన వూళ్లలో నేల టికెట్టు, బెంచీ టికెట్టు వాళ్లు తెర ముందే కూర్చునేవారు. వెనక గోడ స్పీకర్లు వారికి దూరం, తెర వెనక స్పీకర్లు మరీ దగ్గర. ఆరు ట్రాకులకూ అందరూ డబ్బు కట్టారు, ఎవరి టికెట్టు ఎక్కువో వాళ్లకు సరిగ్గా వినిపించింది.

4

1970లలో ఇంటికి నాలుగు చానళ్లు తేవాలని రికార్డు కంపెనీలు పూనుకున్నాయి. దాన్ని క్వాడ్రఫోనీ అన్నారు. సి.బి.ఎస్. వారిది ఒక పద్ధతి, సాన్సుయి వారిది ఒకటి, జె.వి.సి., ఆర్.సి.ఎ. వారిది మరొకటి. ఒకరి డిస్కు ఇంకొకరి యంత్రం మీద నాలుగు చానళ్లుగా పలకదు. రెండు గోడల గాడిలోకి నాలుగు ధారలను కలిపి దూర్చి, మళ్లీ విడదీయటం మొదటి రెంటి ఉపాయం. అందులో ఒక దిక్కు శబ్దం ఇంకో దిక్కులోకి కారేది. మూడోది చెవికి వినపడని హెచ్చు పౌనఃపున్యాన్ని గాడిలో చెక్కింది. దానికి ప్రత్యేకమైన ముల్లు కావలసి వచ్చింది. దశాబ్దం ముగిసేసరికి మూడూ కూలాయి. జనానికి నాలుగు చానళ్లు అక్కర్లేదని బజారు తీర్పు ఇచ్చిందంటారు. పొంతన లేని మూడు పెట్టెల్లో దేన్నీ కొననన్న వాడు నాలుగు చానళ్లను తిరస్కరించాడని తేల్చటం సరైన తర్కం కాదు.

అదే దశాబ్దంలో వేరే దారి కూడా వుంది. ఆక్స్‌ఫర్డుకు చెందిన మైకేల్ గెర్జన్, ఆయన సహచరులు బ్రిటన్‌లో ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ పరిశోధనాభివృద్ధి కార్పొరేషన్ మద్దతుతో ఆంబిసోనిక్స్ అనే పద్ధతిని రూపొందించారు. దాని మూలసూత్రం వేరు. స్పీకర్ల సంఖ్యను ముందే నిర్ణయించరు. ఒక చోటికి ఏ దిక్కు నుంచి ఎంత శబ్దం వస్తోందో ఆ శబ్దక్షేత్రాన్నే నమోదు చేస్తారు. వినేవాడి దగ్గర నాలుగు స్పీకర్లుంటే నాలుగింటికి, ఎనిమిదుంటే ఎనిమిదింటికి లెక్క కట్టుకోవచ్చు. పెద్ద రికార్డు కంపెనీల అండ లేక అది బజారులో నిలవలేదు. పేటెంట్లు గడిచిపోయిన చాలాకాలానికి, 2010లలో, తల తిప్పితే దృశ్యం తిరిగే వీడియోల కోసం పెద్ద సంస్థలు దాన్నే వెతికి తెచ్చుకున్నాయి. ప్రజాధనంతో తయారైన విజ్ఞానం ఎవరికి అక్కరకు వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక క్వాడ్రఫోనీ శవం కూడా వృథా పోలేదు. నాలుగింటిని రెంటిలో దాచే ఆ ఉపాయాన్నే 1970ల మధ్యలో డాల్బీ సంస్థ సినిమా శబ్దానికి వాడుకుంది. 1977లో ‘స్టార్ వార్స్’ దానికి పేరు తెచ్చింది. 1980లలో అది వీడియో టేపుల మీదుగా ఇళ్లలోకి వచ్చింది. గమనించండి: ఇంట్లోకి అదనపు చానళ్లు సంగీతం కోసం రాలేదు, సినిమా వెంట వచ్చాయి. ఈ రోజుకీ ఇంట్లో ఆరు స్పీకర్ల పెట్టెను హోమ్ థియేటర్ అంటున్నామే గాని హోమ్ కచేరీ అనటం లేదు.

5

1999లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు ఎస్.ఎ.సి.డి.ని తెచ్చాయి. 2000లో పోటీగా డి.వి.డి. ఆడియో వచ్చింది. రెండింటిలోనూ ఆరు చానళ్ల సంగీతం నాణ్యంగా పట్టింది. అయితే ప్రతి తీసుకుంటారన్న భయంతో రెంటికీ తాళాలు వేశారు. మొదటి యంత్రాల నుంచి ఆ ఆరు చానళ్లను డిజిటల్ రూపంలో బయటికి రానివ్వలేదు. ఆరు విడి తీగలు లాక్కోవలసి వచ్చింది. 1999లోనే నాప్‌స్టర్ వచ్చి, రెండు చానళ్ల ఎం.పి.3 ఫైలు తాళం లేకుండా ప్రపంచమంతా తిరిగింది. నాణ్యత తక్కువైనా స్వేచ్ఛ వున్నదే గెలిచింది. తరువాత హెచ్.డి.ఎం.ఐ. కేబులు ఆరేడు చానళ్లను ఒకే తీగలో మోయటం నేర్చింది. ఆ తీగ మీద కూడా తాళం వుంది.

ఈ నేపథ్యంలో మా ఇంటి ఏర్పాటు సంగతి చెపుతాను. 48 వేల నమూనాల చొప్పున, 24 బిట్ల ఆరు చానళ్లకు కుదింపు లేకుండా సెకనుకు 69 లక్షల బిట్లు కావాలి. మామూలు ఇంటి వైఫై అంతకంటే ఎన్నో రెట్లు మోస్తుంది. కనుక భౌతికంగా అడ్డంకి ఏమీ లేదు. ఫ్లాక్ అనే ఫైలు పద్ధతి ఎవరి సొత్తూ కాదు, రుసుము లేదు; ఎనిమిది చానళ్ల దాకా నష్టం లేకుండా దాస్తుంది. అయినా ఒక దుకాణంలో ఖరీదైన నెట్‌వర్కు ప్లేయరును కొనబోయే ముందు నా దగ్గరున్న ఆరు చానళ్ల ఫైలు వినిపించమన్నాను. వెనక స్పీకర్లు పలకలేదు. ఆరింటినీ రెంటిలోకి మడిచి పంపుతోంది. పెట్టె మీద ఎక్కడా ఆ మాట లేదు. చాలా నెట్‌వర్కు ప్లేయర్ల తీరు ఇదే. వెలుతురుతో నడిచే ఆప్టికల్ తీగ కూడా అంతే: కుదింపు లేని శబ్దమైతే రెండు చానళ్లే మోస్తుంది, ఎందుకంటే అది సి.డి. కాలపు కొలతలతో పుట్టింది. గాడి పోయింది, గాడి గోడలు మాత్రం తీగలో మిగిలాయి.

చివరికి చేసినది సులువైన పనే. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, దానికి హార్డు డిస్కు, అందులో ఎవరైనా చదివి సవరించుకోదగ్గ కోడి అనే సాఫ్ట్‌వేరు. అక్కడి నుంచి హెచ్.డి.ఎం.ఐ. తీగతో రిసీవరుకు. ముందు స్పీకర్లు రెండూ నడిమి గీతకు 30 డిగ్రీల చొప్పున, వెనకవి 110 డిగ్రీల దగ్గర పెట్టాలని అంతర్జాతీయ ప్రమాణం. మా గదిలో పుస్తకాల బీరువా అడ్డం వచ్చి ఒక వెనక స్పీకరు రెండు మీటర్లు దగ్గరైంది. శబ్దం మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది గనుక, దానికి 6 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాను. నడుమ నిజమైన స్పీకరు వుండటం వల్ల, ఆదివారం సాయంత్రం నలుగురైదుగురు మిత్రులు వస్తే ఏ పక్క కూర్చున్న వారికైనా గాయని నడుమనే నిలబడుతుంది. ఒంటరి కుర్చీ పోయి చాప పరచుకోగలిగాం. ఆరు చానళ్ల వల్ల నాకు కలిగిన అసలైన లాభం ఇదే.

6

2012లో డాల్బీ ఆట్మాస్ సినిమా హాళ్లలోకి వచ్చింది. అందులో ప్రతి శబ్దానికీ గదిలో అది వుండవలసిన చోటును అంకెలుగా రాసి పంపుతారు. ఇంట్లో వున్న స్పీకర్లకు తగ్గట్టు యంత్రం లెక్క కడుతుంది. స్పీకర్ల సంఖ్యను శ్రోతకే వదిలేయాలన్న గెర్జన్ ఆశయం ఇందులో వేరే రూపంలో నెరవేరింది, ఒక కంపెనీ అనుమతిపత్రం కింద. 2019 నుంచి అమెజాన్, టైడల్, 2021 జూన్ నుంచి ఆపిల్ సంగీతాన్ని ఈ రూపంలో స్ట్రీమింగు చేస్తున్నాయి. సెకనుకు 768 వేల బిట్ల లోపలికి కుదించి పంపుతున్నారు. అదే చందా, అదే పాట. అనుమతి వున్న పరికరంలో గది నిండా పరుచుకుంటుంది, అనుమతి లేని పరికరంలో రెండు చానళ్లకు ముడుచుకుంటుంది. మరోవైపు, ఎక్కువమంది దీన్ని వింటున్నది చెవుల్లో పెట్టుకున్న రెండు చిన్న స్పీకర్లతో. 1881 నాటి చెవికొక రిసీవరు దగ్గరికే వచ్చామన్న మాట.

ఆట్మాస్ ఉత్త ఆర్భాటమని కొట్టిపారేసే వారితో నేను ఏకీభవించను. చోటును కూడా రచనలో భాగం చేయటం కళాకారులు చిరకాలంగా కోరినదే. స్టాక్‌హౌజెన్ 1956లో కొలోన్‌లో శ్రోతల చుట్టూ స్పీకర్లు పెట్టాడు. 1958లో బ్రస్సెల్స్‌లో ఫిలిప్స్ మంటపంలో వరేజ్ రచన వందలాది స్పీకర్ల మీద నడిచింది. ఆ మంటపాన్ని మరుసటి ఏడే కూల్చేశారు. సాధనం దగ్గర దోషం లేదు. సాధనం ఎవరి చేతిలో వుంది, ప్రతి ఎవరి దగ్గర మిగులుతుంది అన్నదే ప్రశ్న.

సాహిత్య విద్యార్థులకు ఈ ప్రశ్న వెంటనే అర్థం కావాలి. పాత పాటను ఆట్మాస్‌లోకి మార్చటమంటే కొత్త పరిష్కరణ ప్రచురించటం. 2024 జనవరి నుంచి ఆపిల్ ఈ రూపంలో కూడా ఇచ్చిన పాటలకు చెల్లింపుల్లో 10 శాతం దాకా అదనపు వాటా ప్రకటించింది. దానితో పాత రికార్డులను హడావిడిగా మార్చేందుకు డబ్బు ప్రేరణ ఏర్పడింది. ఒక కావ్యానికి పరిష్కర్త ఎవరు, ఏ తాళపత్రం ఆధారం, ఎక్కడ పాఠం మార్చారు అని మనం అడుగుతాం. పాట విషయంలో ఎందుకు అడగం? స్ట్రీమింగులో ఒక మిశ్రమం స్థానంలో ఇంకొకటి పెడితే పాతది మన దగ్గర వుండదు. పుస్తకం అలమరలోంచి రాత్రికి రాత్రి పేజీలు మారినట్టే.

ఈ సమస్య రేపు మన గుమ్మంలోకి వస్తుంది. మోనో రికార్డులోంచి గొంతులను విడదీసే యంత్రవిద్య ఇప్పుడు వుంది. 2022లో బీటిల్స్ ‘రివాల్వర్’ను అట్లా విడదీసే కొత్తగా మిశ్రమం చేశారు. ఒక పాత బుర్రకథ రికార్డులోంచి కథకుడిని, ఇద్దరు వంతలను విడదీసి, పోయిన మూడు దిక్కులనూ తిరిగి నిలబెట్టవచ్చు. చేయాలనే నా అభిప్రాయం. అయితే మూడు షరతులుండాలి. మూల మోనో ప్రతి పక్కనే అందుబాటులో వుండాలి. ఏ గొంతును ఎక్కడ పెట్టారో, ఏ ఆధారంతో పెట్టారో పీఠికలో చెప్పాలి. ఫైలు తాళం లేని రూపంలో, గ్రంథాలయానికీ పల్లెలోని పాఠశాలకూ ఉచితంగా చేరాలి. ఇవి ఇంజనీర్లు తమంతట తాము పెట్టుకునే షరతులు కావు. వారికి జీతమిచ్చే వాళ్లకు ఆ అవసరం లేదు. వాటిని అడగవలసింది పాఠం విలువ తెలిసిన రచయితలు, విమర్శకులు. ఆ రికార్డులు ఎవరెవరి దగ్గర, ఏ స్థితిలో వున్నాయో జిల్లాలవారీగా జాబితా రాయటంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.